ముందు గదికి రంగు ఎంచుకుంటుంటే

చిన్నోడు దివాన్ మీంచి దూకినప్పుడు వచ్చిన చప్పుడు మామూలు నేల చేసే చప్పుడు కాదు. కాళ్లు తగలగానే ఆగిపోవలసింది ఆగలేదు. కిందికి పోయింది. ఖాళీ డ్రమ్ము మీద అరచేత్తో చరిచినట్టు ఎక్కడో లోపల మోగి, నా అరికాళ్లలోకి సన్నటి వణుకుగా వచ్చింది. అప్పుడు నా చేతిలో రంగుల కార్డు ఉంది. తేనె రంగు బాగుంటుందా, గోధుమ పిండి రంగు బాగుంటుందా అని గోడకు ఆనించి చూస్తున్నాను. వాడు మళ్లీ దూకడానికి దివాన్ ఎక్కుతున్నాడు. రెండో తరగతి చదివే వాళ్లక్క కూడా ఒక కాలు పైకి పెట్టింది.

"ఆగుర్రి!" అన్నాను.

ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదు. గీకుడు పట్టీతో గోడ గీకుతున్న పెయింటర్ స్టూల్ మీద నుంచి దిగాడు. చిన్నోడు ఏడుపు మొహం పెట్టాడు. నేను వాడిని చంకలో ఎత్తుకుని, అక్కను చేయి పట్టి లాగి, గుమ్మం బయట పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే సరిగా తెలియదు. గ్యాస్ కట్టేశానా లేదా అని రోజూ మళ్లీ మళ్లీ చూసుకునే మనిషిని నేను. నా భయాలను నేనే నమ్మను. కానీ ఆ చప్పుడు వేరు.

అసలు ఆ రోజు ఆ గదిలో భయపడటానికి ఏమీ లేదు. చాలా కాలంగా కోరుకున్న పని మొదలైన రోజు అది. నేతవాళ్లుండే కొత్తవాడలోని మా ఇల్లు మా మామయ్య కట్టించింది. ముందు గది పెద్దది. నేను పెళ్లయి వచ్చినప్పటి నుంచీ దాని గోడలు గులాబి రంగే. ఆ రంగు వెలిసి, దోమల బిళ్ల పొగ పట్టి, పిల్లల పెన్సిల్ గీతలు పడి, ఇప్పుడు ఏ రంగో చెప్పలేని స్థితికి వచ్చింది. నేను ఫోన్లో బొమ్మలు దాచుకుంటూ ఉండేదాన్ని. లేత బూడిద రంగు గోడలు, తెల్లటి పరదాలు, మూలన ఒక మొక్క. ఆ బొమ్మలు ఇంట్లో అందరికీ చూపించడం నేను చేసిన మొదటి పొరపాటు.

"గింత పాలిపోయిన గోడలా? దవాఖాన లెక్కుంటది," అంది అత్తమ్మ. "గులాబికేమైందే? మంచిగ కళగ ఉండె."

"నాకు ఊదా రంగు," అంది పెద్దది.

"నాకు గూడ ఊదా," అన్నాడు చిన్నోడు. వాడికి ఊదా అంటే ఏదో తెలియదు.

మామయ్య ఫోన్ తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుని బూడిద రంగు గోడను చాలాసేపు చూశాడు. "ఇది రంగు ఏసిండ్రా బిడ్డా, ఉన్న రంగు పోయిందా?" అని అడిగాడు. మా ఆయన నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయాడు.

మామయ్య జీవితమంతా జంపఖానాలు నేశాడు. చూపు తగ్గి, నడుం పట్టేసి, నా పెళ్లికి కొంచెం ముందే మగ్గం మానేశాడు. రంగుల విషయంలో ఆయనకు తనదైన పద్ధతి ఒకటి ఉంది. అటక మీద మిగిలిపోయిన రంగు నూలు కట్టలు, ఆయన మాటలో చిలపలు, ఉంటాయి. వాటిలో ఒకటి తీసి గోడకున్న మేకుకు తగిలిస్తాడు. పొద్దున ఒకసారి చూస్తాడు, లైటు వేశాక ఒకసారి చూస్తాడు. "రెండు మాట్ల నచ్చితేనే రంగు. ఒక్క పూట మంచిగుండేటిది మోసం," అంటాడు. నా బూడిద రంగు సాయంత్రానికి బురదలా కనిపించింది. ఆయన తగిలించిన తేనె రంగు నూలు పొద్దున వెచ్చగా, రాత్రి ఇంకా వెచ్చగా ఉంది. నేను ఓడిపోయాను. సంతోషంగానే ఓడిపోయాను.

అలా తేనె రంగు దాదాపు ఖాయమై, పెయింటర్ వచ్చి, దివాన్‌ను గోడ దగ్గర నుంచి గది మధ్యకు లాగాడు. దాని కింద, చుట్టూ, ఎప్పుడూ ఒకదాని మీద ఒకటి పరిచి ఉండే జంపఖానాలను చుట్టి మూలన పెట్టాడు. ఇన్నేళ్లలో ఆ చోట నేల ఎలా ఉంటుందో నేను చూడటం అదే మొదలు. అంతకుముందు దివాన్ కాళ్ల మధ్య ఉండిన చోటది. అక్కడ ఎవరూ నడవరు. అక్కడికే చిన్నోడు దూకాడు.

పెయింటర్ పరకాల మనిషి. మామయ్యను కాకా అంటాడు, నన్ను అక్కా అంటాడు. "ఏం కాదక్కా. టైల్ కింద సిమెంట్ సరిగ పడకుంటె గట్లనే మోగుతది. మా ఇంట్ల గూడ మోగుతది. జర ఫికర్ చెయ్యకు," అని, నన్ను సమాధానపరచడానికి గీకుడు పట్టీ పిడితో ఒక్కో టైల్ మీద కొట్టుకుంటూ వచ్చాడు. గోడవార కొడితే టక్కుమంది. గుమ్మం దగ్గర టక్కుమంది. దివాన్ ఉండిన చోట డుమ్మంది. పక్కది కూడా డుమ్మంది. దాని పక్కది కూడా. ఆయన కొట్టే వేగం తగ్గింది. మోగే టైల్సన్నీ కలిపి చూస్తే మంచం వేసినంత చోటు తేలింది. ఆ చోటు మధ్యలో, అంచు నుంచి అంచుకు, పెన్సిల్ గీత లాంటిది ఒకటి ఉంది. నేను దాన్ని పిల్లల పనే అనుకున్నాను. వేలితో రుద్దితే పోలేదు.

పెయింటర్ ఒక కాలు ఆ గీత పక్కన పెట్టి, మెల్లగా బరువు వేశాడు. గీతకు ఇవతలి టైల్ వెంట్రుక వాసి కిందికి దిగింది. కాలు వెనక్కి తీసుకున్నాడు. నవ్వడం మానేశాడు.

"అక్కా, పిల్లలను లోపలికి రానియ్యకు."

వంటింట్లోంచి అత్తమ్మ వచ్చింది. చేతికి పిండి ఉంది. "ఏమాయెనే, గంత ఒర్రినవ్?"

"అత్తమ్మా, ఈడ కింద ఏమున్నది?"

"ఏముంటది? మగ్గం గుంట ఉండె. పూడిపిచ్చినం గదా. మీ మామ దగ్గరుండి పూడిపిచ్చిండు."

ఇంట్లో మగ్గం ఉండేదని నాకు తెలుసు. దానికి గుంట ఉండేదని కూడా తెలుసు. నేత మనిషి ఆ గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి, కింద ఉన్న చెక్కలను తొక్కుతూ నేస్తాడు. కానీ అది ఎక్కడ ఉండేదో నేనెప్పుడూ అడగలేదు. వెనక రేకుల షెడ్డులో అనుకున్నాను. మా అమ్మగారిల్లు సుబేదారిలో, అక్కడ మాకు మగ్గాలు లేవు. ముందు గదిలో, వీధి వెలుతురు పడే చోటే మగ్గం పెడతారని నాకు తట్టలేదు. పూడ్చిన గుంట మోగదు కదా అన్న ఆలోచన మాత్రం వెంటనే తట్టింది.

మామయ్య ఛాయ్ తాగి వచ్చేసరికి ముగ్గురం గుమ్మం దగ్గర నిలబడి ఆయన కోసమే చూస్తున్నాం. పిల్లలు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన చెప్పులు విడిచి, మా మొహాలు చూసి, చుట్టి పెట్టిన జంపఖానాలను చూసి, అక్కడే ఆగిపోయాడు.

"మామయ్యా, గుంట పూడ్చిండ్రా?"

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "పూడ్వలే బిడ్డా. బండ కప్పిన."

"బండనా?" అంది అత్తమ్మ.

"షాబాద్ బండ. మంచి మందం ఉండె. దాని మీద టైల్స్ ఏపిచ్చిన."

"నాతోని పూడిపిచ్చిన అన్నవ్! మట్టి ట్రాక్టర్ వచ్చె గదా?"

"అది వెనక వాకిట్ల పోపిచ్చిన."

"అయ్యో మనిషీ! ఎందుకు?"

"మల్లెప్పుడన్న మగ్గం ఎక్కుతనేమో అనుకున్న," అన్నాడు మామయ్య. "పూడిస్తె మల్ల తవ్వేటిదుంటదా?"

అత్తమ్మ పిండి చేత్తోనే నుదురు కొట్టుకుంది. నా తలలో ఆ గది నిండా మనుషులు తిరుగుతున్నారు. చిన్నోడి పుట్టినరోజుకు ఆ గదిలో పిల్లలంతా గంతులు వేశారు. బతుకమ్మ పేర్చిన రోజు ఆడవాళ్లంతా ఆ గదిలోనే కూర్చున్నాం. పెద్దది కడుపులో ఉన్నప్పుడు మధ్యాహ్నాలన్నీ నేను ఆ దివాన్ మీదే పడుకున్నాను. ఆ దివాన్ కాళ్లు గుంటకు ఆవల ఆని ఉండటం వల్ల, దాని కింద ఎవరూ నడవకపోవడం వల్ల, ఇన్నేళ్లూ ఏమీ కాలేదు. అంతే. మేం తెలిసి చేసిన జాగ్రత్త ఒక్కటీ లేదు. ఇప్పుడు దివాన్ తీసేసి ఆ చోట పెట్టబోతున్నది మూల తిరిగే పెద్ద టేకు సోఫా. దాన్ని మోసుకుంటూ నలుగురు మనుషులు లోపలికి వస్తారు. అది ఆ సాయంత్రమే రావాలి.

రఘునాథపల్లిలో పని చేసే మా ఆయనకు ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"టైల్స్ ఏసేటప్పుడు నువ్వు చూడలేదా?"

"నేనప్పుడు హైదరాబాద్ల ఉంటి. నాయిన అంత అయిపోయింది అన్నడు. ఏ, ఏం కాదు, నేనొచ్చి చూస్త."

"ఏం కాదు అనకు," అన్నాను. "పొద్దుగాల్నుంచి అందరు ఏం కాదంటాండ్రు. సోఫా బండి ఆపు ముందుగాల."

"వాడు బయల్దేరిండట."

"బయల్దేరితే తొవ్వలనే ఆపు!"

"సరే, సరే. నేను గూడ వస్తాన," అన్నాడు. ఆ గొంతులో భయం వినిపించగానే నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఇంట్లో భయపడేది నేనొక్కదాన్నే కాదని తెలిస్తే నాకు అలా అవుతుంది.

పెయింటర్ తనకు తెలిసిన మేస్త్రీని పిలిపించాడు. మా ఆయన వచ్చేసరికి మేస్త్రీ గుంట అంచుల బయట రెండు పలకలు అడ్డంగా వేసి, వాటి మీద మోకాళ్లూని ఉలితో టైల్స్ లేపుతున్నాడు. పిల్లలను మేడ మీది గదిలో పెట్టి తలుపు దగ్గర అత్తమ్మను కూర్చోబెట్టాను. కానీ ఆమె క్షణానికోసారి మెట్ల మీంచి, "ఎంతవరకు వచ్చెనే?" అని అడుగుతూనే ఉంది. మధ్యమధ్య మామయ్యను తిడుతూనే ఉంది.

"మట్టి పోపిచ్చిండట వాకిట్ల! నేను మల్లె చెట్టు పెట్టుకుంటి ఆ మట్టిల!"

టైల్స్ వచ్చాయి. వాటి కింది సిమెంటు పెచ్చులుగా వచ్చింది. కింద బండ కనిపించింది. నల్లటి, చక్కటి బండ. మామయ్య చెప్పినట్టే మంచి మందం. కానీ అది సరిగ్గా నడుమకు పగిలి ఉంది. రెండు ముక్కలూ మధ్యలో ఒకదానికొకటి ఒరుసుకుని, లోపలికి కొంచెం వంగి, ఆ ఒరుపుతోనే నిలబడి ఉన్నాయి. ఎప్పుడు పగిలిందో ఎవరికీ తెలియదు. మేస్త్రీ గడ్డపారతో ఒక ముక్క అంచు లేపాడు. అది కదలగానే, రెండో ముక్క ఎవరూ ముట్టకుండానే జారి కింద పడింది.

ఆ చప్పుడు నేను వర్ణించలేను. ఇల్లంతా దుమ్ము. మేడ మీద చిన్నోడు ఏడుపు ఎత్తుకున్నాడు. మా ఆయన నా భుజం పట్టుకున్నాడు.

దుమ్ము తగ్గాక లోపలికి చూశాను. చిన్నోడు అందులో నిలబడితే తల బయటికి కనిపించదు. వాడి తల ఉండే చోటనే బండ ముక్క నిటారుగా దిగబడి ఉంది.

నేను వచ్చి అరుగు మీద కూర్చున్నాను. ఏడుపు వస్తుందనుకున్నాను కానీ నవ్వు వచ్చింది. పెయింటర్ కంగారు పడి నీళ్లు తెచ్చాడు. ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోతున్నట్టు, వీధి అంతా కొత్తగా కడిగినట్టు అనిపించింది. ఎదురింటి పవర్‌లూమ్ చప్పుడు చేస్తోంది. కూరగాయల బండివాడు వంకాయలు అని అరుస్తున్నాడు. మేడ మీది నుంచి నా ఇద్దరు పిల్లలూ, "అమ్మా, మేం దిగి వస్తమే" అని గొడవ చేస్తున్నారు. ఇద్దరి గొంతులూ విడివిడిగా విని, మళ్లీ విని, అప్పుడు నీళ్లు తాగాను.

లోపల మామయ్య గుంట అంచున నిలబడి ఉన్నాడు. అందులో బూజు పట్టిన రెండు తొక్కుడు చెక్కలు ఉన్నాయి. ఆయన కూర్చునే వైపు అంచు నునుపుదేలి మెరుస్తోంది. నన్ను చూడగానే, నేను ఇంకా ఏమీ అనకముందే, "కాంక్రీట్ పోపిద్దాం బిడ్డా," అన్నాడు. "అంచుల దాక పోపిద్దాం. నాది తప్పే."

నాకు కావలసింది అదే. అప్పటికప్పుడు ఇసుక, కంకర తెప్పించారు. మేస్త్రీ బండ ముక్కలు పగలగొట్టి అడుగున వేసి, ఇసుక పోసి దిమ్మిసతో కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టిన ప్రతిసారీ వచ్చే చప్పుడు గట్టిగా, మొద్దుగా, అక్కడికక్కడే ఆగిపోతోంది. ఆ చప్పుడు ఎంత బాగుందో! నేను దగ్గరే నిలబడి విన్నాను. ఇసుక పెరుగుతూ వచ్చింది. సగం పైదాకా వచ్చినప్పుడు మేస్త్రీ చెమట తుడుచుకోవడానికి ఆగాడు. మామయ్య అలసిపోయి, ఎక్కడ కూర్చోవాలో చూసుకోకుండానే, అలవాటు కొద్దీ ఆ అంచునే కూర్చున్నాడు. కాళ్లు ఇసుక మీద ఆనాయి. అప్పటికి నేను పిల్లలను కిందికి రానిచ్చాను. పెద్దది వెళ్లి తాత పక్కన కూర్చుంది. దాని కాళ్లు కూడా హాయిగా ఇసుక మీద ఆనాయి. బెంచీ మీద కూర్చున్నట్టుంది.

"ఇంక పొయ్యాల్నా మేడం?" అన్నాడు మేస్త్రీ.

ఇప్పుడు ఇందులో పడితే మోకాలు గీసుకుపోతుంది. అంతకన్నా ఏమీ కాదు. నేను దాని లోతు కళ్లతో కొలిచాను. మా ఆయన వైపు చూశాను. "ఆపుర్రి," అన్నాను. "ఈడిదాక కాంక్రీట్ ఎయ్యుర్రి. పై భాగం గిట్లనే ఉంచుర్రి."

"సోఫా ఏడ పెడ్తం మల్ల?" అన్నాడు మా ఆయన.

"అంత పెద్దది వద్దు. చిన్నది ఆ గోడకు పెడ్దాం. వీళ్లు ఈడ కూసుంటరు. చదువుకుంటరు."

"ఇంట్ల గుంటనా!" అంది అత్తమ్మ. "వచ్చినోళ్లు పడ్తరే!"

"నీ తమ్ముడొక్కడే చూడకుంట నడిచేటోడు," అన్నాడు మామయ్య. పొద్దుటి నుంచి ఆయన నోట వచ్చిన మొదటి ఎకసెక్కెం అది. "పడనియ్యి, అప్పుడన్న కిందికి చూస్తడు."

"నీకు సిగ్గుండాలె మాట్లాడనీకి! మల్లె చెట్టు సంగతి తేలినంక మాట్లాడు."

కానీ వచ్చినవాళ్లు పడతారని ఆమె అన్నదాంట్లో నిజం ఉంది. ఆమెకే ఒక కంట్లో పొర వచ్చింది. అందుకని రంగుల కార్డు తీసుకుని ఆమెను గుమ్మంలో, వెలుతురుకు వీపు పెట్టి నిలబెట్టాను. నేను ఒక్కో రంగు వేలితో చూపిస్తూ గుంట అంచున పెట్టాను. "ఏది మంచిగ కనబడ్తాంది అత్తమ్మా? నచ్చేది కాదు, కనబడేది చెప్పు."

బూడిద రంగు కనబడలేదు. గోధుమ పిండి రంగు నేలలో కలిసిపోయింది. ఆమెకు ఇష్టమైన గులాబి కూడా కలిసిపోయింది. ఆ మాట చెప్పడానికి ఆమె మనసొప్పక, "జర జర కనబడ్తాంది" అంది. చివరికి ముదురు కుంకుమ రంగు పెట్టగానే, "అగో, అది," అంది. లైటు వేసి మళ్లీ అడిగాను. అదే చెప్పింది. గోడలకు తేనె రంగు, గుంట చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున కుంకుమ రంగు పట్టీ. ఆ గదిలో రంగుల మీద మా ఇంట్లో ఎవరూ పోట్లాడకుండా తేలిన నిర్ణయం అదొక్కటే.

ఇదంతా జరిగి కొంతకాలమైంది. పిల్లలు నిద్రపోయాక, వాళ్లు గుంటలో వదిలేసిన పుస్తకాలు ఏరిపెట్టి, ఇప్పుడు రాస్తున్నాను. గ్యాస్ కట్టేశానో లేదో చూసి వచ్చాను. అది మారలేదు. కానీ ఈ గదిలో నడుస్తున్నప్పుడు నా కాళ్లు నేలను వినడం మానేశాయి.

కాంక్రీటు పోసిన మర్నాడు పొద్దున మాత్రం నా కాళ్లు ఇంకా వింటూనే ఉన్నాయి. కాంక్రీటు పచ్చిగా ఉంది. చుట్టూ పలకలు అడ్డం పెట్టి ఉన్నాయి. పిల్లలిద్దరూ పళ్లు తోముకోకుండానే వచ్చి దాని ముందు నిలబడ్డారు. నిన్న అమ్మ ఎందుకు అంతలా అరిచిందో, మేడ మీద ఎందుకు కూర్చోబెట్టిందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇంకా ఆడుకునే వయసు, చెబితే భయపడతారని మా ఆయన అన్నాడు. నాకది సరిగా అనిపించలేదు. ఈ ఇంట్లో ఒకరు ఇంకొకరికి చెప్పకపోవడం వల్ల ఏమయ్యిందో అందరం చూశాం. చిన్నోడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, పెద్దదాన్ని పక్కకు పిలిచి చెప్పాను.

"ఈడ తాత మగ్గం గుంట ఉండె. దాని మీద కప్పిన బండ పలిగింది. మనకు తెల్వలే. నిన్న మీరు దుంకితే నాకు భయమైంది, అందుకే ఒర్రిన. మీ తప్పేం లేదు. ఇప్పుడు మేస్త్రీ గట్టిగ చేసిండు. ఆరినంక మీరు దీంట్ల కూసోవచ్చు, చదువుకోవచ్చు. ఇంటికి ఎవరన్న కొత్తోళ్లు వస్తే, వాళ్లు లోపల కాలు పెట్టకముందే మీరే ఉరికొచ్చి చెప్పాలె, ఇక్కడ గుంటున్నది, చూసి నడువుర్రి అని. పెద్దోళ్లు చెప్తరులే అని ఊకోవద్దు. మీరే చెప్పాలె."